చరిత్రలోని ముఖ్య తేదీలతో చదవడం, రాయడం నేర్పే తరగతి గది వనరులు: తరచుగా అడిగే ప్రశ్నలు

చరిత్రలో పేరుపొందిన ఒక తేదీని ఆధారంగా తీసుకుని పిల్లల చేత చదివించడానికి, రాయించడానికి ఉపాధ్యాయులు వాడే పఠన పత్రాలు, చిత్రాలు, కాలరేఖలు, పాత పత్రాల నకళ్ల గురించి ఎక్కువగా వచ్చే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాం. ఇవి ప్రధానంగా పాఠశాల ఉపాధ్యాయుల కోసం రాసినవే అయినా, వయోజన విద్యా కేంద్రాల్లో బోధించేవారికీ ఇంట్లో పిల్లల చేత చదివించే తల్లిదండ్రులకూ చాలావరకు పనికివస్తాయి.

చరిత్రలోని తేదీకీ, చదవడం నేర్పడానికీ సంబంధం ఏమిటి?

ఒక వాక్యాన్ని తడుముకోకుండా పైకి చదివినంత మాత్రాన విద్యార్థికి అది అర్థమైందని చెప్పలేం. అర్థం కావాలంటే ఆ వాక్యం దేని గురించి చెబుతోందో కొంతైనా ముందే తెలిసి ఉండాలి. 1988లో అమెరికాలో డోనా రెక్ట్, లారెన్ లెస్లీ అనే పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో బడి పిల్లలకు ఒక బేస్‌బాల్ ఆట వర్ణన ఇచ్చి చదివించారు. చదవడంలో వెనుకబడినా ఆట బాగా తెలిసిన పిల్లలు, చక్కగా చదవగలిగినా ఆట తెలియని పిల్లల కంటే ఆ వర్ణనను మెరుగ్గా అర్థం చేసుకున్నారు. చరిత్ర పాఠం అటువంటి ముందస్తు తెలివిడినే ఇస్తుంది. అందుకే చరిత్రకు కేటాయించిన సమయం భాషా బోధన నుంచి తీసేసుకున్నది కాదు.

అయితే ఇందులో ఒక షరతు ఉంది. ఆ రోజున ఎవరో రాసిన, పలికిన, చెక్కిన లేదా ముద్రించిన మాటలు తరగతి గదిలోకి రావాలి. తేదీ, దాని పక్కన ఒక బొమ్మ, కింద ఒక నినాదం మాత్రమే ఉన్న చార్టును గోడకు తగిలిస్తే పిల్లలకు చరిత్రా రాదు, చదవడమూ రాదు. ఈ పేజీలోని మిగతా సమాధానాలన్నీ ఈ అభిప్రాయం మీదే ఆధారపడి ఉన్నాయి.

సంవత్సరంలో ఏ తేదీలను ఎంచుకోవాలి? ఎన్ని తేదీలు సరిపోతాయి?

తేదీ ఎంత ప్రసిద్ధమైనదని కాక, ఆ తేదీకి సంబంధించి ఒక పీరియడ్‌లో చదివి ముగించగలిగే అసలు పాఠం ఏదైనా దొరుకుతుందా అని ముందుగా చూడండి. ఉత్తరం, టెలిగ్రాం, డైరీలోని ఒక పుట, ప్రకటన, శిలాఫలకం, వార్తాపత్రికలోని మొదటి పేరా, వీటిలో ఏది దొరికినా చాలు. అలాంటిదేమీ దొరకనప్పుడు ఎంత గొప్ప సంఘటన అయినా దాన్ని చరిత్ర పాఠానికి వదిలేసి, పఠన కార్యక్రమానికి మరొక తేదీని తీసుకోవడం మంచిది.

నెలకు ఒకటి చాలు. ప్రతిరోజూ ప్రార్థన సమయంలో "చరిత్రలో ఈ రోజు" అని నాలుగు వాక్యాలు చదివించడం చాలాచోట్ల ఉన్న అలవాటే కానీ, వాటిలో ఒక్కటి కూడా పిల్లల మనసులో నిలవదు.

కొన్ని గొప్ప మార్పులకు అసలు తేదీయే లేదు. గూటెన్‌బెర్గ్ అచ్చువేసిన బైబిలు 1455 ప్రాంతంలో పూర్తయిందని చెప్పగలం కానీ ఫలానా రోజున అని చెప్పలేం. అటువంటివాటికి సౌలభ్యం కోసం ఒక తేదీని కల్పించకుండా, "ఆ కాలంలో" అని రాయడం కూడా చరిత్ర రచనలో భాగమేనని పిల్లలకు చెప్పాలి.

అక్షరాస్యతకు నేరుగా సంబంధించిన తేదీలు ఏవి?

అందరికీ తెలిసినది సెప్టెంబరు 8. నిరక్షరాస్యత నిర్మూలన కోసం వివిధ దేశాల విద్యా మంత్రుల ప్రపంచ మహాసభ 1965లో టెహ్రాన్ నగరంలో ఆ రోజునే మొదలైంది. మరుసటి ఏడాది యునెస్కో ఆ తేదీని అంతర్జాతీయ అక్షరాస్యతా దినోత్సవంగా ప్రకటించగా, 1967 నుంచి దాన్ని జరుపుతున్నారు. ఫిబ్రవరి 21 అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవం. 1952లో ఢాకాలో బంగ్లా భాషకు గుర్తింపు కోరుతూ ప్రదర్శన జరిపిన విద్యార్థులు పోలీసు కాల్పుల్లో మరణించిన రోజది. ఏప్రిల్ 2న, అంటే 1805లో హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ పుట్టిన రోజున, అంతర్జాతీయ బాలల పుస్తక దినోత్సవం జరుగుతుంది. ఏప్రిల్ 23ను యునెస్కో 1995లో ప్రపంచ పుస్తక, కాపీరైట్ దినోత్సవంగా ప్రకటించింది.

వీటన్నిటికంటే తరగతి గదికి ఎక్కువ ఉపయోగపడేది అక్టోబరు 9 అని మా అభిప్రాయం. దక్షిణ కొరియాలో అది హంగుల్, అంటే కొరియా భాషా లిపి, దినోత్సవం. కొరియాను పాలించిన సెజోంగ్ రాజు 1443 నాటికి సిద్ధమైన కొత్త లిపిని 1446లో ప్రజలకు ప్రకటించాడు. మన భాష చైనా భాషకు భిన్నమైనది కనుక చైనా లిపిలో సామాన్య ప్రజలు తమ మనసులోని మాట చెప్పుకోలేకపోతున్నారనీ, వారి మీది జాలితో సులభంగా నేర్చుకోగలిగే 28 అక్షరాలను రూపొందించాననీ దాని పీఠికలో ఆయన రాసిన మాటలు నాలుగైదు వాక్యాలకు మించవు. ఆరో తరగతి విద్యార్థి సైతం వాటిని చదివి, ఒక పాలకుడు లిపిని ఎందుకు మార్చాలనుకున్నాడో తన మాటల్లో రాయగలడు. లిపి అనేది ఎవరో ఆలోచించి, ఎవరి కోసమో తయారు చేసినదన్న ఎరుక, అక్షరాలతో కుస్తీ పడుతున్న పిల్లలకు నిజంగా ధైర్యాన్నిస్తుంది. యునెస్కో 1989లో నెలకొల్పిన ఒక అక్షరాస్యతా పురస్కారానికి ఈ రాజు పేరే పెట్టారు.

ఒక తేదీని తీసుకుని పాఠం ఎలా నడపాలో ఉదాహరణతో చెప్పగలరా?

1903 డిసెంబరు 17ను తీసుకుందాం. ఆ గురువారం ఉదయం అమెరికాలోని కిట్టీ హాక్ సమీపంలో రైట్ సోదరులు తమ విమానాన్ని నాలుగుసార్లు ఎగరేశారు. మొదటిసారి అది 12 సెకన్ల పాటు 120 అడుగులు, నాలుగోసారి 59 సెకన్ల పాటు 852 అడుగులు ప్రయాణించింది. ఆ మధ్యాహ్నమే ఆర్విల్ రైట్ తన తండ్రికి ఒక టెలిగ్రాం పంపాడు. నాలుగు ప్రయాణాలూ విజయవంతమయ్యాయనీ, అన్నీ గంటకు 21 మైళ్ల గాలికి ఎదురుగానే సాగాయనీ, సమతల నేల మీది నుంచి కేవలం ఇంజిను బలంతో లేచామనీ, సగటు వేగం 31 మైళ్లనీ, అన్నిటికంటే ఎక్కువసేపు సాగిన ప్రయాణం 57 సెకన్లనీ, పత్రికలకు తెలపమనీ, క్రిస్మస్‌కు ఇంటికి వస్తామనీ దాని సారాంశం.

ఇందులో 57 అన్న అంకె తప్పు, అది తంతి ద్వారా వెళ్లేటప్పుడు పడిన పొరపాటు. కింద సంతకంలో ఆర్విల్ పేరు వర్ణక్రమం కూడా తప్పుగానే ఉంది. పాఠానికి అసలైన బలం ఇక్కడే ఉంది. మొదట ఏ పరిచయమూ లేకుండా టెలిగ్రాం నకలును పంచి, ఎవరు, ఎవరికి, ఎప్పుడు, ఏ సంగతి చెబుతున్నారో పిల్లలనే తేల్చమనండి. విమానం అన్న మాట టెలిగ్రాంలో ఎక్కడా లేదు కాబట్టి గాలి, ఇంజిను, వేగం వంటి సూచనలను కలిపి వారే ఊహించవలసి ఉంటుంది. తరువాత అదే రోజు గురించి ఆర్విల్ డైరీలో రాసుకున్న భాగాన్ని ఇవ్వండి. రెండూ పక్కపక్కన పెట్టుకున్నప్పుడు అంకెల తేడాను ఎవరో ఒకరు తప్పక గమనిస్తారు. ఏది నమ్మాలి, ఎందుకు నమ్మాలి అన్న చర్చ ఆ క్షణంలో దానంతట అదే మొదలవుతుంది. ఉపాధ్యాయులు తొందరపడి సమాధానం చెప్పేయకపోవడం ముఖ్యం.

రాతపనికి రెండు మార్గాలున్నాయి. టెలిగ్రాంను పూర్తి వాక్యాలతో ఉత్తరంగా విస్తరించి రాయమనవచ్చు, లేదా తాము చూసిన ఒక సంఘటనను ముప్పై మాటలకు మించకుండా టెలిగ్రాంగా కుదించమనవచ్చు. కుదించడమే కష్టం, కాబట్టి దానికి ఎక్కువ సమయం ఇవ్వండి.

ఇంకా కూడబలుక్కుని చదువుతున్న చిన్న పిల్లలకు అసలు పత్రాలు ఇవ్వవచ్చా?

ఇవ్వవచ్చు, పొట్టివి ఎంచుకుంటే చాలు. 1969లో అపోలో 11 వ్యోమగాములు చంద్రుడి మీద వదిలి వచ్చిన ఫలకం మీద ఉన్నవి రెండే రెండు విషయాలు. భూగ్రహం నుంచి వచ్చిన మనుషులు మొదటిసారి చంద్రుడి మీద ఇక్కడ కాలు మోపారన్నది ఒకటి, మానవాళి అంతటి తరఫున శాంతితో వచ్చామన్నది రెండోది. దాన్ని పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి, ముందు ఉపాధ్యాయులు చదివి, తరువాత అందరూ కలిసి చదివి, ఆఖరున ఒక్కొక్కరు వేలు పెట్టి చదివితే ఒక పీరియడ్ చక్కగా సాగుతుంది. ఫలకం మీద నెల, సంవత్సరం ఉన్నాయి కానీ రోజు లేదు. ఎందుకు లేదని అడగండి. బయలుదేరడానికి ముందే దాన్ని చెక్కి ఉంచారన్న సంగతిని రెండో తరగతి పిల్లలు కూడా ఊహించగలరు.

ఇంకా అక్షరాలే నేర్చుకుంటున్నవారికి చిత్రం చూపించి, వారు చెప్పిన మాటలను వారి ఎదురుగానే నల్లబల్ల మీద రాసి, ఆ వాక్యాలనే చదివించండి. తమ నోటి మాట తమ కళ్ల ముందు రాతగా మారడం వారికి ఏ ముద్రిత పత్రం కంటే ముందు రావలసిన అనుభవం.

ఒకే సంఘటనకు రెండు వనరుల్లో రెండు తేదీలు కనిపిస్తే ఏది సరైనది?

తరచుగా రెండూ సరైనవే అయి ఉంటాయి. దీనికి ఎక్కువగా మూడు కారణాలు కనిపిస్తాయి.

మొదటిది క్యాలెండర్ మార్పు. 1582లో పోప్ గ్రెగరీ సంస్కరణను అమలు చేసిన దేశాల్లో అక్టోబరు 4 తరువాతి రోజు అక్టోబరు 15 అయింది. బ్రిటన్ 1752 వరకు మారలేదు, అక్కడ సెప్టెంబరు 2 తరువాత 14 వచ్చింది. రష్యా 1918లో గానీ మారలేదు. అందుకే 1917 నాటి అక్టోబరు విప్లవం పాత లెక్కలో అక్టోబరు 25న, కొత్త లెక్కలో నవంబరు 7న పడుతుంది. షేక్‌స్పియర్, సెర్వాంటెస్ ఇద్దరూ 1616 ఏప్రిల్ 23న ఒకే రోజున మరణించారని పుస్తక దినోత్సవపు పత్రాల్లో తరచుగా కనిపించే వాక్యం ఈ కారణంగానే సరికాదు. ఇంగ్లండ్, స్పెయిన్ అప్పటికి వేర్వేరు క్యాలెండర్లలో ఉన్నాయి, వాటి మధ్య పది రోజుల తేడా ఉంది. పైగా ఏప్రిల్ 23 సెర్వాంటెస్‌ను ఖననం చేసిన తేదీ అనీ, మరణం అంతకు ముందురోజు జరిగి ఉంటుందనీ పండితులు భావిస్తారు.

రెండోది గడియారం. ఆర్మ్‌స్ట్రాంగ్ చంద్రుడి మీద కాలు పెట్టినప్పుడు అమెరికాలో ఇంకా జులై 20 రాత్రి. అదే క్షణంలో భారతదేశంలో జులై 21 ఉదయం దాదాపు ఎనిమిదిన్నర.

మూడోది, సంఘటన ఒక్క రోజులో ముగియకపోవడం. అమెరికా స్వాతంత్ర్యానికి అనుకూలంగా ప్రతినిధులు 1776 జులై 2న ఓటు వేశారు, ప్రకటన పాఠాన్ని 4న ఆమోదించారు, ఎక్కువమంది సంతకాలు ఆగస్టు 2న చేశారు. రాబోయే తరాలు జులై 2ను పండుగలా జరుపుకుంటాయని ఆ ప్రతినిధుల్లో ఒకరైన జాన్ ఆడమ్స్ మరునాడు తన భార్యకు రాసిన ఉత్తరం ఉంది. ఒక దేశం ఏ రోజును గుర్తుంచుకోవాలో ఎవరు, ఎలా నిర్ణయిస్తారన్న చర్చకు ఉన్నత తరగతుల్లో ఆ ఉత్తరానికి మించిన పఠనాంశం దొరకడం కష్టం.

ఉన్నత తరగతుల విద్యార్థులకు జాగ్రత్తగా చదవడం ఎందుకు ముఖ్యమో తెలిపే తేదీ ఏదైనా ఉందా?

1989 నవంబరు 9 ఉంది. ఆ సాయంత్రం తూర్పు బెర్లిన్‌లో గుంటర్ షాబోవ్‌స్కీ అనే పార్టీ నాయకుడు విలేకరుల సమావేశం చివర్లో, విదేశీ ప్రయాణాలకు సంబంధించిన కొత్త నిబంధనల కాగితాన్ని చదివాడు. దాన్ని ఆయన ముందుగా సరిగా చూసుకోలేదు. నిబంధనలు మరునాటి నుంచి క్రమపద్ధతిలో అమలు కావలసి ఉండగా, ఎప్పటి నుంచి అని విలేకరులు అడిగినప్పుడు కాగితాలు తిరగేసి, తనకు తెలిసినంతవరకు వెంటనే అని బదులిచ్చాడు. వార్త ప్రసారమైంది, వేలాది మంది సరిహద్దు ద్వారాల దగ్గరికి చేరారు, ఆ రాత్రే ద్వారాలు తెరుచుకున్నాయి. తూర్పు, పశ్చిమ బెర్లిన్‌లను విడదీసిన గోడ కూలడానికి నెలల తరబడి సాగిన ప్రజా ఉద్యమం వంటి పెద్ద కారణాలు ఉన్నాయని తప్పక చెప్పాలి. అయినా ఒక కాగితాన్ని ఆఖరి వరకు చదవకపోవడం ఆ రాత్రిని ఎలా మలిచిందో పదో తరగతి విద్యార్థులు ఎంతో ఆసక్తితో చర్చిస్తారు.

మూలపత్రం పరాయి భాషలో ఉంటే ఏం చేయాలి?

చదివే సాధన ఏ భాషలో జరుగుతోందో ఆ భాషలోనే పఠన పత్రం ఉండాలి. మూలపు నకలును చూడడానికి పక్కన పెట్టండి, చదవడానికి తెలుగు పాఠం ఇవ్వండి. మీరు కుదించినా, సరళం చేసినా "మూలం ఆధారంగా సరళీకరించినది" అని కింద రాయడం మరవకండి, లేకపోతే పిల్లలు మీ వాక్యాలనే ఆనాటి మనుషుల మాటలని అనుకుంటారు. సిద్ధంగా దొరికే తెలుగు పాఠాల్లో 1948 డిసెంబరు 10న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన విశ్వ మానవ హక్కుల ప్రకటన ముఖ్యమైనది. దానిలోని 30 అధికరణాలు తెలుగుతో సహా 500కు పైగా భాషల్లో లభిస్తున్నాయి. విద్యాహక్కును చెప్పే 26వ అధికరణం ఒక్కటే ఒక పాఠానికి సరిపోతుంది.

సిద్ధంగా దొరికే వర్క్‌షీట్లలో మంచివాటిని ఎలా గుర్తించాలి?

పత్రాన్ని చేతిలోకి తీసుకుని, పఠనాంశం చదవకుండానే ప్రశ్నలకు సమాధానాలు రాయవచ్చా అని పరీక్షించండి. రాయగలిగితే ఆ పత్రం చదవడం నేర్పదు. అక్షరాల గడిలో పదాలు వెతకడం, చుక్కలు కలిపి నాయకుడి బొమ్మ గీయడం, రంగులు నింపడం పిల్లలను కాసేపు కుదురుగా కూర్చోబెడతాయి, అంతకు మించి వాటితో ప్రయోజనం లేదు. ఖాళీలు పూరించే ప్రశ్నలు తేదీనీ పేరునీ మాత్రమే అడుగుతున్నా అదే లోపం. మంచి పత్రంలో కనీసం ఒక ప్రశ్నకైనా జవాబు చెప్పడానికి విద్యార్థి పాఠంలోని రెండు చోట్లను కలిపి చూడవలసి వస్తుంది. చిత్రం కింద అది ఆనాటి ఛాయాచిత్రమా, తరువాత ఎవరో ఊహించి వేసినదా అన్న వివరం ఉంటుంది. ఎవరి మాటలనో ఉల్లేఖిస్తే అవి ఎక్కడివో చెబుతుంది. మహనీయుల పేరుతో తిరిగే సూక్తుల్లో వారు ఎన్నడూ అనని మాటలు చాలా ఉన్నాయి కనుక ఈ చివరి విషయంలో గట్టిగా ఉండండి.

ఉచితంగా వాడుకోదగిన పాఠాలు, చిత్రాలు ఎక్కడ దొరుకుతాయి? కాపీరైట్ సంగతి ఏమిటి?

అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, ఆ దేశపు జాతీయ అభిలేఖాగారం తమ సేకరణలలోని ఎన్నో పత్రాలను ఉపాధ్యాయుల కోసం ఆన్‌లైన్‌లో ఉంచాయి. చిత్రాలకు వికీమీడియా కామన్స్ అనుకూలమైనది, ప్రతి చిత్రం కింద దాని హక్కుల వివరం ఉంటుంది. బాలల కథలకు ప్రథమ్ బుక్స్ నడిపే స్టోరీవీవర్‌లో తెలుగు పుస్తకాలను చదువుకోవచ్చు, అచ్చు తీసుకోవచ్చు. దాన్ని 2015లో అక్షరాస్యతా దినోత్సవం నాడే ప్రారంభించారు.

కాపీరైట్ గడువు దేశాన్ని బట్టి మారుతుంది. భారతదేశంలో రచయిత మరణించాక 60 ఏళ్లు, చాలా ఐరోపా దేశాల్లో 70 ఏళ్లు అది అమలులో ఉంటుంది. మూలానికి గడువు ముగిసినా దాని కొత్త అనువాదానికి వేరే హక్కు ఉండవచ్చన్నది చాలామంది మరిచిపోయే సంగతి.

యుద్ధాలు, మారణహోమాల వంటి బాధాకరమైన తేదీలను ఎలా చెప్పాలి?

తప్పించుకోవడం సరికాదు, కానీ వయసు చూడాలి. నాజీల ఆష్విట్జ్ నిర్బంధ శిబిరం 1945లో విముక్తమైన జనవరి 27, హిరోషిమా మీద అణుబాంబు పడిన ఆగస్టు 6 వంటివి ఉన్నత తరగతులకు చెందినవి. శవాల ఛాయాచిత్రాలు చూపించవద్దు. ఉదయం 8 గంటల 15 నిమిషాల దగ్గర ఆగిపోయి నేడు హిరోషిమా శాంతి స్మారక మ్యూజియంలో ఉన్న గడియారం వంటి ఒక వస్తువు, బతికి బయటపడిన ఒక మనిషి చెప్పిన సాక్ష్యం, ఈ రెండూ సంఖ్యల కంటే లోతుగా అర్థమవుతాయి. బాధితులుగా, హింసించినవారిగా పిల్లల చేత నటింపజేయడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఇటువంటి పాఠాన్ని రోజులో చివరి పీరియడ్‌కు పెట్టకండి, చదివిన తరువాత మాట్లాడుకోవడానికి వారికి సమయం కావాలి.

చూపు లేని పిల్లలు, చదవడం కష్టంగా ఉన్న పిల్లలు తరగతిలో ఉంటే?

కాలరేఖను దారంతో, మందపాటి అట్టముక్కలతో చేతికి తగిలేలా తయారు చేయండి, చిత్రాలను మాటల్లో వర్ణించండి. జనవరి 4న ఒక పాఠం తప్పక పెట్టుకోండి. 1809లో ఆ రోజున పుట్టిన లూయీ బ్రెయిల్ చిన్నతనంలోనే తండ్రి తోలు పని కొట్టంలో గాయపడి చూపు పోగొట్టుకున్నాడు. ఆయన తన ఆరు చుక్కల లిపిని 1829లో మొదటిసారి ప్రచురించాడు. భారతీయ భాషల కోసం రూపొందిన భారతి బ్రెయిల్‌లో తెలుగు కూడా ఉంది కాబట్టి, అందరూ తమ పేరును చుక్కలతో రాసుకోవచ్చు, బ్రెయిల్ తెలిసిన విద్యార్థి ఆ రోజు మిగతావారికి నేర్పవచ్చు. తడబడుతూ చదివేవారిని ముందస్తు సాధన లేకుండా నలుగురి ఎదుట పైకి చదవమనడం వారికి మేలు చేయదు. వారికి పాఠాన్ని ముందురోజే ఇచ్చి పంపండి.

వయోజనులకు ఈ పద్ధతి పనికివస్తుందా?

చక్కగా పనికివస్తుంది. 1963లో బ్రెజిల్ దేశపు ఈశాన్య ప్రాంతంలోని అంజికోస్ అనే చిన్న ఊరిలో విద్యావేత్త పావులో ఫ్రేరే బృందం దాదాపు 300 మంది శ్రామికులకు 40 గంటల బోధనతో చదవడం, రాయడం నేర్పే ప్రయత్నం చేసింది. వారి పని, బతుకుల నుంచి తీసుకున్న పదాలతోనే ఆ బోధన సాగింది. వయోజనుల తరగతిలో కూడా ముందు వారి జీవితంలోని తేదీలతో, అంటే పెళ్లి, వలస, వరద, మొదటి ఓటు వంటి వాటితో కాలరేఖ గీయించి, తరువాత దాని పక్కన దేశ చరిత్రను చేర్చడం మంచిది. పిల్లల బొమ్మల పుస్తకాలు వారికి ఇవ్వకండి, అది వారిని చిన్నబుచ్చుతుంది.

విద్యార్థి ఎంత నేర్చుకున్నాడో ఎలా తెలుస్తుంది?

తేదీ అడిగి మార్కులు వేయవద్దు. అంతకు ముందు చూడని మరొక పొట్టి పత్రాన్ని ఇచ్చి, ఎవరు, ఎవరికి, ఎందుకు రాశారో, ఆ సంగతి ఏ మాటను బట్టి తెలిసిందో రాయమనండి. రెండో భాగానికి జవాబు రాయగలిగినవారు చదవగలుగుతున్నారు.

ఒకసారి తయారు చేసిన పత్రాలను మరుసటి సంవత్సరం వాడవచ్చా?

వాడవచ్చు, వాడాలి కూడా. ఏ ప్రశ్న దగ్గర పిల్లలు ఆగిపోయారో, ఏ పదం అర్థం కాలేదో పాఠం ముగిసిన రోజునే ఉపాధ్యాయుల ప్రతి మీద పెన్సిలుతో రాసి పెట్టుకోండి. "ఇన్నేళ్ల క్రితం" అన్న వాక్యాలను పత్రంలో అచ్చువేయకుండా సంవత్సరం మాత్రమే ఇచ్చి, ఎన్నేళ్లయిందో విద్యార్థులనే లెక్కకట్టమంటే పత్రం పాతబడదు. ఆన్‌లైన్‌లో తీసుకున్న చిత్రాల చిరునామాలు మారిపోతుంటాయి కనుక, అచ్చు ప్రతిని, అది ఏ గ్రంథాలయం లేదా మ్యూజియం సేకరణలోదో తెలిపే వివరాన్ని ఒకే ఫైలులో ఉంచండి.